బీగం లాగి చూసే చోటు

ఆ వానాకాలం మా ఇంట్లోకి ఒక తెర వచ్చింది. పలక కన్నా కాస్త పెద్దది, నల్లగా, అద్దంలా ఉంది. మా అమ్మాయి దాన్ని గొడుగు కింద పెట్టి, తను తడుస్తూ తెచ్చింది. మనిషి తడిస్తే ఆరుతుంది, ఇది తడిస్తే ఆరదు అంది. జలుబు చేస్తే ఏం గతి అన్నాను. "తెరకా, నాకా?" అంది. తువ్వాలు ఇద్దరికీ ఇచ్చాను.

తుడిచిన తెరను తిన్నగా తీసుకెళ్లి వాళ్ల నాన్న పియానో మీద, కాగితాలు ఆనించే చెక్కకి ఆనించి పెట్టింది. ఆ చెక్క పక్కనున్న స్టూలు నాది.

మా ఆయన కచేరీ హాలులో పియానో వాయిస్తారు. రెండు చేతులూ పియానో మెట్ల మీదే ఉంటాయి కాబట్టి కాగితం తిప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు తిప్పే మనిషి రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్లయింది, ఇంకా లేవలేదు. నాకు ఆ రాత రాదు. ఐదు గీతలు, వాటి మీద తోకలున్న నల్ల గింజలు, ఒక్కో గింజ ఒక నోటు, అంతవరకే తెలుసు. నేను చదివింది ఏడో తరగతి, అందులో ఇది లేదు. తిప్పడం మాత్రం ఏ రోజూ తప్పలేదు. తప్పుతానేమోనని ప్రతిరోజూ భయపడ్డాను. అది వేరే సంగతి.

ఆయన ఆ తెరను అటూ ఇటూ చూశారు.

"ఏంటిది?"

"స్వరాల రాతే నాన్నా. నేను రాసిన కొత్తది."

"కాగితం దొరకలేదా?"

"కాగితం మీద పట్టలేదు."

అమ్మాయి వేలితో ముట్టుకుంటే తెర వెలిగింది. అవే ఐదు గీతలు, అవే గింజలు. వాటి పైన ఒక రంగు పట్టీ, గట్టిగా వాయించాల్సిన చోట లావుగా, తగ్గించాల్సిన చోట దారంలా ఉంది. ఒక మూల చిన్న చదరంలో మా ముందు గది పరదా కనిపించింది. కదులుతోంది. గాలికి లేచి, లేచినంత సేపూ తొందరపడకుండా ఉండి, మళ్లీ పడింది.

"ఇది సినిమానా?" అన్నారాయన.

"ఆ నోటుని ఎలా ముట్టుకోవాలో చూపిస్తోంది."

"మెల్లగా అని రాస్తే ముట్టుకోలేనా? నలభై ఏళ్ల నుంచి ముట్టుకుంటున్నాను."

"మెల్లగా అంటే ఎంత మెల్లగా నాన్నా? నిరుడు మెల్లగా అనే రాశాను. వాళ్లు దాన్ని జోకొట్టి పడుకోబెట్టారు."

అది నిజమే. మా అమ్మాయి రాసినవి అంతకుముందు రెండు సార్లు వేరే హాళ్ల నుంచి తిరిగొచ్చాయి. వాయించిన వాళ్లు రాసినట్టే వాయించారు, కానీ అమ్మాయి అనుకున్నట్టు రాలేదు. హాలువాళ్లు ఏటా వానలు తగ్గే ముందు జరిగే ఆఖరి కచేరీలో కొత్తవాళ్లది ఒకటి వాయిస్తారు. నచ్చితే మరుసటి ఏడాదంతా వాళ్ల చేత రాయిస్తారు. ఈసారి పన్నెండు నిమిషాలు దీనికిచ్చారు. పియానో, వయొలిన్. పియానో అంటే వాళ్ల నాన్నే, హాలులో ఇంకొకరు లేరు.

"ఇదీ తిరిగొస్తే ఇక రాయనమ్మా," అని వంటింట్లో నాతో ఒక్కదానితోనే అంది. ఏడుస్తూ అని ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. చెంచాలు తుడుస్తూ మామూలుగా అంది.

ఆ రోజు నుంచి భయపడే పని నాకు కుదిరింది. ఇది కుదరకపోతే ఆయన కూతురి దగ్గర చిన్నబోతారు, అది రాయడం మానేస్తుంది, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా తింటారు, మధ్యలో నేను గిన్నెలు అటూ ఇటూ జరుపుతూ ఉంటాను. ఇదంతా నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఏ గిన్నె ఎటు జరుపుతానో కూడా కనిపించింది.

"కరెంటు పోతే?" అని అడిగాను.

"బ్యాటరీ ఉందమ్మా."

"బ్యాటరీ అయిపోతే?"

"నిండా ఎక్కించుకుని వెళ్తాం."

"ఎక్కించడం మర్చిపోతే?"

"నువ్వున్నావుగా."



*

మొదటి వారం ఇంట్లో యుద్ధమే. తెర దానంతటదే జరిగేది. గడియారం లెక్కన ఇన్ని క్షణాలకొకసారి పేజీ మారేలా అమ్మాయి అమర్చింది. ఆయన ఒక చోట కాస్త ఆగుదామనుకుంటే ఆ పేజీ అప్పటికే వెళ్లిపోయేది.

"ఇది నన్ను తరుముతోంది," అన్నారు.

"నువ్వు ఆలస్యం చేస్తున్నావు."

"ఆలస్యం కాదే, ఊపిరి. మనిషన్నాక ఊపిరి పీల్చుకోవాలా వద్దా?"

"కాలితో నొక్కే మీట పెడతాను, నీ ఇష్టం వచ్చినప్పుడు నొక్కుకో."

"కాళ్లు ఖాళీగా ఉన్నాయా? కింద మూడు పెడళ్లున్నాయి. ఇంకో కాలు మొలిపించు."

నేను స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పని లేకపోయినా కూర్చున్నాను, అలవాటు. తిప్పడానికి కాగితం లేకపోతే చేతులు ఎంత బరువుంటాయో అప్పుడే తెలిసింది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అదే చోట తెర ముందుకు పోయింది. నా చెయ్యి దానంతటదే లేచి గాలిలో ఆగిపోయింది. సరిగ్గా ఎక్కడ తిప్పి ఉండేదాన్నో అక్కడ.

అమ్మాయి చూసింది.

"అమ్మా, నీకెలా తెలిసింది? నీకు చదవడం రాదుగా."

"రాదు."

"మరి ఇన్నేళ్లూ ఏం చూసి తిప్పావు?"

"మీ నాన్న భుజం," అన్నాను. "అయిపోవస్తుంటే ఎడమ భుజం కొంచెం లేస్తుంది. దిగేలోపు తిప్పేయాలి."

ఆయన పియానో మీద చేతులు అలాగే ఉంచి నా వైపు తిరిగారు. "నా భుజం లేస్తుందా?"

"మీకు తెలియదా?"

"నాకెలా తెలుస్తుంది, అది నా వెనకాల ఉంది."

మర్నాడు అమ్మాయి ఒక చిన్న మీట తెచ్చింది, చొక్కా గుండీ అంత ఉంది. నొక్కితే తెర మీద పేజీ మారుతుంది. గడియారం తీసేసింది. మీట నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"రెండు సార్లు నొక్కితే?" అన్నాను.

"రెండు పేజీలు పోతాయి. ఒక్కసారే నొక్కు."

"నొక్కానో లేదో అనుమానం వస్తే?"

"నొక్కానని నమ్ము."

ఎంత తేలిగ్గా చెప్పిందో.

*

వయొలిన్ ఆవిడ మా ఇంటికి వచ్చిన రోజు జోరుగా వాన. హాలులో మా ఆయన తరవాత అంత పాత మనిషి ఆవిడే. నన్ను వదినగారూ అంటుంది, ఆయన్ని మాస్టారు అంటుంది. చెప్పులు బయట విడిచి, వయొలిన్ పెట్టెను పసిపిల్లలా ఎత్తుకుని లోపలికొచ్చింది.

ఆవిడకు తెర నచ్చింది. ఒక చోట బకెట్ అంచు నుంచి నీటి చుక్క జారబోయి, జారకుండా వేలాడుతూ ఉంటుంది. అది చూసి ఆవిడ వయొలిన్ లాగే కమానుని తీగ మీద ఆనించి, అలాగే ఉంచి, అప్పుడు లాగింది. ఆ శబ్దానికి నేను కిటికీ మూయబోతున్నదాన్ని ఆగిపోయాను.

"ఇది మాటల్లో రాస్తే నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు మాస్టారూ," అంది.

ఆయన ముందుకి పదమన్నట్టు తల ఊపారు. కాదు అనకపోవడమే ఆయనకి ఎక్కువ.

పదో నిమిషం దగ్గర పియానో ఒక్కటే ఉండే చోటు వచ్చింది. నేను మీట నొక్కాను. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న మూల చదరంలో ఒక తలుపు కనిపించింది. మా తలుపే. దాని ముందు నా చెయ్యి.

నాకు ఒక అలవాటుంది. బయటికి వెళ్లేటప్పుడు బీగం వేస్తాను. మెట్ల వైపు మూడడుగులు వేస్తాను. ఆగుతాను. వెనక్కి వచ్చి బీగం పట్టుకుని రెండుసార్లు లాగి చూస్తాను. కొన్ని రోజులు మూడుసార్లు. మా ఇంట్లో అందరికీ తెలుసు, కింది వాటావాళ్లకీ తెలుసు. కానీ తెలియడం వేరు, దాన్ని తెర మీద పెట్టి వాయించడం వేరు. అమ్మాయి బయట చెప్పుల స్టాండు మీద ఫోను పెట్టి తీసింది. చెయ్యి వచ్చింది, బీగం బరువుగా పడింది. చెయ్యి వెళ్లిపోయింది. తలుపు ఒక్కటే మిగిలింది. మళ్లీ చెయ్యి వచ్చింది. లాగింది. లాగింది.

వయొలిన్ ఆవిడ ఫక్కుమంది. మా ఆయన అంతకంటే గట్టిగా నవ్వారు.

"ఇదా నువ్వు రాసింది. నాలుగు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను, ఒక బరువైన నోటు, ఖాళీ, తరవాత రెండు తేలిక నోట్లు, ఏంటి దీని అర్థమని. ముందే చెప్పొచ్చుగా. ఇది నాకు ఇరవై ఆరేళ్లుగా బట్టీ."

"ఇలాంటివి ఐదున్నాయి నాన్నా. ఐదు రోజులు తీశాను. ఏ రోజుది వస్తుందో నాకూ తెలియదు, ప్రతిసారీ తెరే ఒకటి ఎంచుకుంటుంది. ఒక్కో రోజు ఒక్కోలా లాగుతుంది అమ్మ. నువ్వు అమ్మ చెయ్యి చూసి వాయించాలి, అంతే."

నేను మీట స్టూలు మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. టీ పెట్టాలని కాదు, అయినా టీ పెట్టాను.

అమ్మాయి వెనకే వచ్చింది. "కోపమా?"

"నా పిచ్చి నేను ఇంట్లో దాచుకుంటున్నాను. హాలులో నాలుగొందల మందికి చూపిస్తావా?"

"పిచ్చని ఎవరన్నారు?"

"నవ్వారుగా."

"వాళ్లు నవ్వింది..." అని ఆగింది. "సరేనమ్మా. తీసేస్తాను."

బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు. ఆ రాత్రే తీసేసి, ఆ చోట ఉత్త ఐదు గీతలే ఉంచింది.

*

కచేరీకి నాలుగు రోజుల ముందు హాలులో అన్నీ సరిచూసుకునే వాయింపు. నేను పెద్ద సంచీ తీసుకెళ్లాను. అందులో టార్చి, రెండు చార్జర్లు, వైరు, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఆయనకి పొడి చొక్కా, అమ్మాయి వద్దన్నా నేను షాపులో అచ్చు తీయించిన ఆ ఐదు గీతల కాగితాలు. కాగితాల్లో పరదా కదలదు, చుక్క వేలాడదు. ఆ సంగతి తెలుసు. అయినా ఉండనీ అనుకున్నాను.

హాలు సెక్రటరీగారు వెనక వరసలో కూర్చున్నారు. ఆయన మాట మీదే అంతా ఆధారపడి ఉంది. ఖాళీ కుర్చీల్లో ఆయనొక్కరే, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని.

పదో నిమిషం దాకా బాగుంది. నాకు రాత తెలియదు కానీ మా ఆయన మెడ తెలుసు, అది వదులుగా ఉంది. ఆ చోటు వచ్చింది. ఆయన బరువైన నోటు వాయించారు. ఖాళీ. రెండు తేలిక నోట్లు. రాసింది రాసినట్టే. నేను నొక్కాను.

అయిపోయాక సెక్రటరీగారు కళ్లు తెరిచారు. "బాగుంది మాస్టారూ. ఆ చివరికి ముందు ఒక చోట మాత్రం ఏదో ఆగినట్టుంది. వాయించడం ఆగిందా, వాయిస్తూ ఆగారా తెలియలేదు. పిల్లదాన్ని ఒకసారి చూసుకోమనండి."

పిల్లది పక్కనే ఉంది. చూసుకుంటానండీ అంది. చెంచాలు తుడుస్తూ అన్న గొంతుతోనే అంది.

ఇంటికి వచ్చే దారంతా ముగ్గురం ఒకే గొడుగులో ఇరుక్కుని నడిచాం. మెట్ల దగ్గర ఆయన గొడుగు విదిలిస్తూ, తనలో తనే అన్నట్టు, "ఏం చేసినా అది రెండు నోట్లలాగే ఉంది. ఎవరో మళ్లీ వచ్చినట్టు లేదు," అన్నారు.

నేను బీగం తీస్తున్నాను. తీసేటప్పుడు నాకే అనుమానమూ ఉండదు, వేసేటప్పుడే.

"ఆ తెర ఎవరెవరికి కనబడుతుంది?" అని అడిగాను.

"ఏ తెర?" అంది అమ్మాయి.

"మన తెరే. హాలులో."

"మీ ముగ్గురికే అమ్మా. నువ్వు, నాన్న, వయొలిన్ అత్త. దాని వీపు జనం వైపు ఉంటుంది. వాళ్లకి వినిపిస్తుందంతే."

"ఆ మాట ముందు చెప్పవేం?"

"నువ్వడగలేదు. టీ పెట్టావు."

తలుపు తెరిచి లోపలికి నడిచాను. "అయితే పెట్టేయ్," అన్నాను. "ఐదూ పెట్టేయ్. ఐదూ ఒకేసారి రావుకదా?"

"రావు."

*

కచేరీ రోజున ఏ అనర్థమూ జరగలేదు. ఏమీ జరగకపోవడానికి సిద్ధపడనిది నేనొక్కదాన్నే. కరెంటు పోలేదు, బ్యాటరీ దిగలేదు, ఎవరికీ తలనొప్పి రాలేదు, పిన్నీసుల అవసరం కూడా పడలేదు. సంచీ నా స్టూలు కింద పెంపుడు కుక్కలా పడుకుని ఉంది. అమ్మాయి ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది, పారిపోవడానికి వీలుగా.

పరదా లేచి పడింది. చుక్క వేలాడి జారింది. భుజం లేచినప్పుడల్లా నొక్కాను, నొక్కాక నమ్మాను. మీట రెండుసార్లు చేతిలోంచి జారబోయింది.

పదో నిమిషం వచ్చింది. వయొలిన్ ఆవిడ కమాను దించింది. నేను నొక్కాను. మూల చదరంలో తలుపు వచ్చింది.

ఐదింటిలో నేను అంతకుముందు నాలుగే చూశాను. ఇది చూడనిది. చెయ్యి బీగం వేసింది, ఆయన వాయించారు. చెయ్యి వెళ్లిపోయింది. మామూలు కన్నా ఎక్కువసేపు తలుపు ఒక్కటే ఉంది. తలుపు మీద వాన వెలుగు మసగ్గా ఉంది. చెయ్యి మళ్లీ వచ్చి ఒకసారి లాగింది, ఇంకోసారి లాగింది, మూడోసారి లాగలేదు. బీగం మీద అలాగే ఆగిపోయింది.

అది ఏ రోజో నాకు గుర్తొచ్చింది. వేళ్ల మధ్య మందుల చీటీ ఉంది. అమ్మాయికి జ్వరం, లోపల పడుకుని ఉంది, నేను మందులకి వెళ్తున్నాను. నిద్రపోతుందని బయట బీగం వేశాను. లేచి పిలిస్తే ఎలా, తలుపు కొడితే ఎవరికి వినబడుతుంది, వేయకుండా వెళ్తే ఎలా. అదీ ఇదీ అనుకుంటూ చెయ్యి తీయలేకపోయాను. నిద్రపోతుందనుకున్నాను. నిద్రపోతే ఫోనెవరు పెట్టారు. ఆ ప్రశ్న నాకు వేదిక మీద తోచలేదు, తరవాతే తోచింది.

మా ఆయన వేళ్లు పియానో మెట్ల మీద ఆగి ఉన్నాయి. నొక్కడం లేదు, తీయడం లేదు. తెర మీద చెయ్యి ఉన్నంతసేపూ ఆయన చెయ్యీ ఉంది. భుజం కోసం చూస్తున్నాను, లేవడం లేదు. ఇక మర్చిపోయారని, నొక్కేద్దామని అనుకున్నాను. నొక్కలేదు. తెర మీద నా చెయ్యి బీగాన్ని ఇంకొక్కసారి, లాగడానికి కాదు, ఊరికే సర్దినట్టు తాకి, వదిలింది. ఆయనా అలాగే తాకారు. ఉందా లేదా అన్నంత నోటు.

భుజం లేచింది. నేను నొక్కాను.

తరవాత చప్పట్లు చాలాసేపు వినిపించాయి. నేను సంచీ జిప్పు పెట్టుకుంటున్నాను. సెక్రటరీగారు వేదిక పక్కకొచ్చి మా ఆయనతో, "ఆ చోటు సరిచేసుకున్నట్టున్నారు. ఏం మార్చారు?" అని అడిగారు.

"మేమేం మార్చలేదండీ. ఉన్నదే పెట్టాం," అన్నారాయన.

"వచ్చే ఏడాదికి రాయమనండి అమ్మాయిని. ఆ తెరతోనే," అని సెక్రటరీగారు నా వైపు తిరిగారు. "మీరేనా తిప్పేది? ఇప్పుడు తిప్పేదేముంది, తెరేగా."

"తెరకి భుజం కనబడదండీ," అన్నాను. అర్థం కాకపోయినా తల ఊపారు.

అమ్మాయి పారిపోలేదు. కుర్చీలో అలాగే కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకుంది. వయొలిన్ ఆవిడ దాని తల మీద కమానుతో చిన్నగా తట్టింది.

*

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. హాలులో వదిలేసిన తెర తెచ్చుకోవడానికి ముగ్గురం బయల్దేరాం. రాత్రంతా దాన్ని ఎవరైనా కింద పడేశారేమో, ఎలుకలు వైరు కొరికాయేమో అని అమ్మాయికి వరసగా చెబుతూ బీగం వేసి మెట్లు దిగుతున్నాను.

"ఎలుకలకి ఇంకేం పని లేదా?" అంటోంది అది నా పక్కన.

"రాత్రిపూట ఏం పని ఉంటుంది వాటికి?"

సగం మెట్లు దిగాక వెనక అడుగుల చప్పుడు లేదని గమనించాను. తిరిగి చూస్తే మా ఆయన పైన, తలుపుకి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. చెప్పులేసుకున్నారు, గొడుగు చేతిలో ఉంది, రావడం లేదు.

"ఏమైందండీ?"

"నువ్వు లాగలేదు."

"వేశానుగా."

"వేశావు. లాగలేదు." మెట్ల వైపు ఒక అడుగు వేసి మళ్లీ ఆగారు. "సగంలో వదిలేసినట్టుంది."

వెనక్కి వెళ్లారు. గొడుగు చంకలో పెట్టుకుని బీగం పట్టుకుని లాగారు. ఒకసారి. కొంచెం ఆగి ఇంకోసారి.

"మూడోది నాన్నా?" అంది అమ్మాయి కింద నుంచి.

ఆయన చెయ్యి బీగం మీదే ఉంచి కాసేపు ఆలోచించారు.

"ఇవాళ్టికి రెండు చాలు," అని దిగి వచ్చారు.